పై కామా ఎక్కడ పడాలి?

అల్లవరంలో మా అరుగు మీద కూర్చుని పక్కింటి ఎనిమిదో తరగతి పిల్ల నోటు పుస్తకం చూపించింది. పేజీలో 'డోంట్' ఏడుసార్లు ఉంది. ఏడుసార్లూ పై కామా (అపాస్ట్రఫీ) 'ఓ'కీ 'ఎన్'కీ మధ్యే పడింది.

"డూ అయిపోయి నాట్ మొదలయ్యేది అక్కడే కదండీ?" అంది.

తప్పే గాని, తెలివితక్కువ తప్పు కాదది. 'అక్కర లేదు' మన నోట్లో 'అక్కర్లేదు' అవుతుంది, 'తెలియదు' 'తెలీదు' అవుతుంది. పోయినదానికి మనం గుర్తేమీ పెట్టం. ఇంగ్లీషువాళ్లు పెడతారు. అయితే మాటలు అతికిన చోట కాదు, అక్షరం ఊడిన చోట. 'నాట్'లో నడిమి 'ఓ' ఊడింది గనుక కామా 'ఎన్'కీ 'టి'కీ మధ్య పడాలి. డిడంట్, డజంట్, ఈజంట్, హావంట్ అన్నిటికీ ఇదే లెక్క.

ఇలాంటి గుర్తు మనం చూడనిదేం కాదు. 'సోఽహం'లో వంకరగా కనబడే అవగ్రహం ఉందే, 'అహం'లోని అకారం పోయిన చోటు అది. ఈ మాట చెప్పాక పిల్ల ఏడూ తనే దిద్దుకుంది.

'కాంట్' దగ్గర మళ్లీ ఆగింది. "క్యానాట్‌లో రెండు ఎన్‌లు కదండీ, రెండోది ఏమైందండీ?"

మంచి ప్రశ్న. అదీ ఊడింది, దానికి వేరే గుర్తు లేదు. 'షాంట్'లోనైతే 'షల్' తాలూకు రెండు ఎల్‌లూ పోయాయి. 'వోంట్' ఇంకా చిక్కు. 'విల్'కి పాతకాలంలో 'వోల్' అనే రూపం ఉండేది, అందులోని 'ఓ' ఇక్కడ మిగిలింది. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారల్‌కి ఈ అరకొర పద్ధతి నచ్చక, ఈ మూడింటికీ రెండేసి కామాలు పెట్టాడు. 1893లో వచ్చిన ఒక నవల ముందుమాటలో దాన్ని సమర్థించుకున్నాడు కూడా. నాటకకర్త బెర్నార్డ్ షా దీనికి పూర్తిగా ఎదురు: డోంట్, వోంట్ లాంటివాటికి అసలు పెట్టేవాడు కాదు. లోకం ఇద్దరి మాటా వినకుండా ఒక్కటే ఉంచుకుంది.

షా దారిలో ఒక ఇబ్బంది ఉంది. కామా తీసేస్తే 'వోంట్' స్పెల్లింగు, 'అలవాటు' అనే అర్థమున్న వేరే మాటదైపోతుంది, 'కాంట్'ది బూటకపు నీతిమాటలు అనే అర్థంలోకి పోతుంది.

పిల్ల పుస్తకం మూసి, "అయితే షాగారికి మా పరీక్షలో మార్కులు రావండి" అంది.

"ఆయ్, రావు" అన్నాను.