పెరట్లో గొంగళి పురుగు

అక్టోబరులో పెరట్లో ఆకులు పోగుచేస్తూంటే మా అమ్మాయి అరచేతిలో ఒక గొంగళి పురుగుని పెట్టుకుని వచ్చింది. మాకు గుండె ఆగినంత పనైంది. చిన్నప్పుడు మునగచెట్టు పురుగు తగిలి దద్దుర్లు లేచిన అనుభవం మనలో ఎందరికి లేదు? "పారెయ్, పారెయ్!" అని చీపురెత్తాము. "ఇదేం చెయ్యదమ్మా" అని పిల్ల ఒకటే ఏడుపు.

సరే, చంపేముందు అదేమిటో తెలుసుకుందామని లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చాము. రెండు కొసలూ నలుపు, నడుమ ఇటికరంగు పట్టీ, ఒకే ఎత్తున కత్తిరించినట్లున్న నూగు. ఇక్కడివారు దీన్ని 'ఊలీ బేర్' అంటారు. వారికి ఊలు కనిపించింది, మనవారికి గొంగళి కనిపించింది, చూపు ఒకటే! ఇదే ఎదిగి ఇసబెల్లా టైగర్ మాత్ అవుతుంది. పసుపు, నారింజ కలిసిన రెక్కలు, వాటిమీద కాసిని నల్లచుక్కలు. రెక్కలు చాపితే సుమారు రెండంగుళాలు. దీనికి విషం లేదు. కొందరికి నూగు తగిలితే కాస్త దురద పెట్టవచ్చు. మునగచెట్టు పురుగుది వేరే కుటుంబం. అనంతపురం వైపు వేరుశనగ చేలు తినేసే ఎర్ర గొంగళి పురుగు మాత్రం దీనికి దాయాదే.

ఇటికరంగు పట్టీ వెడల్పుగా ఉంటే చలి తక్కువని ఇక్కడొక నమ్మకం. ఒహాయోలో 1973 నుంచి దీని పేర తిరునాళ్ళు కూడా మొదలైంది! నిజానికి పురుగు కుబుసం విడిచి ఎదిగేకొద్దీ పట్టీ వెడల్పవుతుంది. అంటే అది చెప్పేది గడచిన రోజుల సంగతే, రాబోయే చలి సంగతి కాదు.

"బయట చలికి చచ్చిపోతుంది, సీసాలో పెట్టి నా మంచం పక్కన ఉంచుకుంటా" అంది అమ్మాయి. జాలి మంచిదే కాని, ఇక్కడ అదే ప్రాణం తీస్తుంది. ఈ పురుగు రాలిన ఆకుల కింద, దుంగల కింద గడ్డకట్టి చలికాలం గడుపుతుంది. ఒంట్లో తయారయ్యే గ్లిజరిన్ వంటి పదార్థం దాన్ని కాపాడుతుంది. వసంతంలో కరిగి లేచి, డాండిలయాన్ వంటి కలుపు ఆకులు తిని, తన నూగునే కలిపి గూడు అల్లుకుంటుంది. వెచ్చని ఇంట్లో ఆ నిద్ర చెడితే, తిండి లేక బతకడం కష్టం.

అమ్మాయి చాలాసేపు ఆలోచించి, తనే తీసుకెళ్ళి కంచె మూలనున్న ఆకులకింద వదిలింది. ఆ మూల మేమూ ఊడవలేదు. మీ పెరట్లోనూ ఒక మూల వదలండి. చీపురెత్తే ముందు మాత్రం, ఒక్కసారి వంగి చూడండి.