తలనొప్పి బిళ్ళ వేసుకునే ముందు...

పిల్లల క్యారేజీలు, అత్తగారి కాఫీ, పాచిపని... అన్నీ అయ్యేసరికి కణతలు పోట్లెత్తుతాయి. "తలనొప్పి బిళ్ళొకటి ఇయ్యమన్నానను" అని కుర్రాణ్ణి వీధి చివర కొట్టుకి తోలేస్తాం. ఏ బిళ్ళో మనం చెప్పం, కొట్టువాడూ అడగడు. అవునా?

నేనూ అంతే! ఆమధ్య మా పక్కింటి పిన్నిగారు "ఎన్ని మింగేస్తన్నావో లెక్కుందేటమ్మా?" అన్నారు. పౌరుషమొచ్చి, పాల లెక్క రాసే క్యాలెండరులోనే బిళ్ళ వేసుకున్న రోజల్లా ఇంటూ పెట్టాను. నెలకి మూడో నాలుగో అనుకున్నదాన్ని, పదకొండు తేలాయి! సగం శనివారాలే. ఉపవాసమని తిండీ, కాఫీ మానేసిన రోజులన్నమాట.

రెండు మూడు మందులు కలిపిన తలనొప్పి బిళ్ళలు నెలలో 10 రోజులు, ఒట్టి పారాసెటమాల్ అయితే 15 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్ళే తలనొప్పి తెచ్చిపెడుతుందని డాక్టర్లు చెబుతారు. నొప్పికి బిళ్ళ, బిళ్ళకి నొప్పి!

మన జిల్లావాళ్ళకి ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మనకి తెలియనిది కాదు. దానికోసమే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు. ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీల మీద భారం వేస్తాయన్నది మాత్రం తేలిన మాటే. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా వేసుకుంటే మరీ ముప్పు.

అందుకని ఈసారి ఇలా చేసి చూడండి. ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఏదైనా తినండి. కణతలకి కాస్త అమృతాంజనం రాసుకుని, దీపం ఆర్పి అరగంట పడుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు అది! పసిపిల్లలకి మాత్రం రాయకండి. అప్పటికీ తగ్గకపోతే పారాసెటమాల్ 500 ఒకటి. మళ్ళీ కావాలంటే ఆరు గంటలాగాలి. మోతాదు మించితే లివరు పాడవుతుంది. అట్ట వెనక పేరు చదవనిదే ఏ బిళ్ళా నోట్లో వేసుకోవద్దు. కిడ్నీ, లివరు జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్నడిగే వేసుకోవాలి.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యీ కాలూ పడిపోయినా, జ్వరంతో మెడ బిగిసినా, నెలలు నిండుతున్నవాళ్ళకి కళ్ళు మసకబారినా కొట్టుకి కాదు, నేరుగా ఆసుపత్రికే.

ఇప్పుడు నేను శనివారం కూడా పాలూ పండూ తీసుకుంటున్నాను. క్యాలెండరులో కిందటి నెల ఇంటూలు మూడే. ఇక మీ క్యాలెండరు తీయండి మరి!