టీచర్లకు వేసవి విశ్రాంతి – బడి పెద్దలు చేయగలిగినది



మన సంఘ కుటుంబాల్లో టీచర్లు చాలామందే ఉన్నారు. వేసవి రాగానే "మీకేమండీ, నెలన్నర హాయి" అని వారితో అంటుంటాం. 2025లో మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు సెలవులిచ్చారు. అయితే ఆ 49 రోజుల్లో టీచరుకు నిజంగా మిగిలినవి ఎన్ని?

సెలవులు ఎటు పోతున్నాయి?

2024లో మే 13న ఎన్నికలు జరిగాయి. మండుటెండలో పోలింగు డ్యూటీ చేసినవారిలో టీచర్లు ఎందరో. 2025లో బదిలీల ప్రక్రియ సెలవుల్లోనే వచ్చింది. ఏలూరులో ఇల్లు, కొల్లేటి లంక గ్రామంలో ఉద్యోగం ఉన్నవారికి "వచ్చే ఏడు ఎక్కడో" అన్న దిగులుతోనే రోజులు గడుస్తాయి.

ప్రైవేటు బడుల వారి సంగతి మరీ కష్టం. చాలాచోట్ల ఏడాదికి పది నెలల జీతమే ఇస్తారు. పైగా మే నెలలో ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పించమంటారు. జీతం రాని నెలలో ఎండలో తిరగడం విశ్రాంతి ఎలా అవుతుంది?

అలసట జబ్బుగా మారేది ఇలాగే

ఏడాది పొడవునా గట్టిగా మాట్లాడటం వల్ల గొంతు బొంగురుపోతుంది. గంటల తరబడి నిలబడితే కాళ్ల నరాలు ఉబ్బుతాయి. బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని నీళ్లు తాగడం మానేసే టీచరమ్మలకు మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. ఒత్తిడి తగ్గకపోతే నిద్ర చెడుతుంది, బి.పి., షుగరు అదుపు తప్పుతాయి.

పని ఒత్తిడి వల్ల మనిషి లోలోపల కాలిపోయినట్లయ్యే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వివరించింది. దానికి మూడు గుర్తులు: ఎంత పడుకున్నా తీరని నీరసం, పని మీద విసుగు, "నా వల్ల ఏమీ కావడం లేదు" అన్న భావం. ఇది రోగం కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అని ఆ సంస్థే చెప్పింది. అందుకే దీనికి మందులకన్నా ముందు పని తీరు మారాలి. అది హెడ్మాస్టర్లు, కరస్పాండెంట్ల చేతిలో ఉన్న పని.

బడి పెద్దలకు మా సలహాలు

1. పనులను సెలవుల మొదటి వారానికో, చివరి వారానికో చేర్చండి. మధ్యలో కనీసం మూడు వారాలు ఎవరినీ పిలవకండి. అక్కడొక రోజు, ఇక్కడొక రోజు పిలిస్తే ఊరికి కూడా వెళ్లలేరు.

2. వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజీలు పెట్టవద్దు. వారానికి ఒక రోజు నిర్ణయించి, అవసరమైనవన్నీ ఆ రోజే చెప్పండి. మనసు బడి నుంచి బయటపడితేనే విశ్రాంతి.

3. ఎండలో తిప్పవద్దు. మేలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. 2015 మే వడగాలులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. తప్పనిసరైతే ఉదయం పది లోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే పంపండి. మంచినీళ్లు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఇచ్చి పంపండి.

4. మే నెల జీతం ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇవ్వలేకపోతే, ఉద్యోగం ఉంటుందా లేదా అన్నది ఏప్రిల్‌లోనే కాగితం మీద చెప్పండి. తెలియని భయమే నిద్ర చెడగొడుతుంది.

5. ప్రభుత్వ బడుల్లో సెలవుల్లో డ్యూటీ చేసినవారికి సంపాదిత సెలవు జమ చేసుకునే వీలుంది. వారు అడిగేదాకా ఆగకుండా ఆ కాగితాలు మీరే పంపండి.

6. బడి తెరిచేలోగా మరుగుదొడ్లు, మంచినీటి కుళాయిలు బాగు చేయించండి. స్టాఫ్ అందరికీ ఒకసారి బి.పి., షుగరు, కంటి పరీక్షలు చేయించండి.

7. హెడ్మాస్టరు కూడా మనిషే. ఆఫీసు పనిని వంతులవారీగా పంచుకుని మీరూ కొన్ని రోజులు ఊరెళ్లండి.

సంఘ పెద్దలకు ఒక మాట

మే నెలలో వెకేషన్ బైబిల్ స్కూలు వస్తుంది. "టీచరమ్మే కదా, ఖాళీయే కదా" అని ప్రతి ఏడూ వారికే అప్పగిస్తాం. కొందరికి అది సంతోషమే. కానీ ఒకసారి అడిగి, "ఈ ఏడు వద్దు" అంటే చిన్నబుచ్చకుండా వదిలేయండి. కాలేజీ చదివే యువతీ యువకులకు ఆ అవకాశం ఇవ్వండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

మూడు వారాలు దాటినా గొంతు బాగుపడకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయవద్దు. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సెలవుల వల్ల కలిగిన లాభం, పని మొదలైన కొద్ది వారాల్లోనే తగ్గిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారమే మీటింగులు, రిజిస్టర్లు అన్నీ నెత్తిన వేయకండి. మీ టీచరు తేలికపడిన మనసుతో తరగతిలోకి వస్తే, ఆ మేలు ముందుగా అందేది మన పిల్లలకే.