నీలం సీసా - ఒక సంజాయిషీ

పోయిన ఉగాది భోజనాల దగ్గర మన సభ్యులొకరు పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని నా పక్కకి వచ్చి మెల్లగా అడిగారు. "డాక్టరు గారూ, మతిమరుపు జబ్బుకి ఏదో నీలం రంగు మందు వచ్చిందటగా? మా అమ్మకి పంపిద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?" మైకులో తంబోలా నంబర్లు చదువుతున్నారు, పిల్లల డాన్సు మొదలవబోతోంది. "తర్వాత తీరిగ్గా మాట్లాడదామండీ" అని తప్పించుకున్నాను. మళ్ళీ ఆయన కనిపించలేదు, నేనూ ఫోను చెయ్యలేదు. సావనీరుకి ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడగ్గానే, ముందు ఆ బాకీ తీర్చుకోవాలనిపించింది.

నిజం చెప్పాలంటే నేను తప్పించుకున్నది తీరిక లేక కాదు. ఆ నీలం మందు సీసా ఒకటి మా ఇంటికీ వచ్చింది. అయితే ఆ గొడవ చెప్పే ముందు మందు సంగతి చెప్పాలి. అది చాలామటుకు మనం కాపురాలుంటున్న ఈ ఊళ్ళలో జరిగిన కథే.

మందు పేరు మెథిలీన్ బ్లూ. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న లుడ్విగ్స్‌హాఫెన్‌లో, బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీలో, 1876లో హైన్రిఖ్ కారో అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని తయారుచేశాడు. అప్పటికది మందు కాదు, నూలు బట్టకి వేసే రంగు. (ఇదే కంపెనీ 1897లో కృత్రిమ నీలిమందుని బజారుకి తెచ్చింది. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో నీలి పండించిన మన రైతులకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. అది వేరే వ్యాసం.)

బట్టకి పట్టే రంగు ఒంట్లో దేనికి పడుతుందో చూడాలని బెర్లిన్‌లో ఒక యువ డాక్టరుకి సరదా పుట్టింది. ఆయన పాల్ ఎర్లిఖ్. చేతి వేళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉండేదట. 1886లో ఆయన బతికున్న జంతువులకి మెథిలీన్ బ్లూ ఎక్కించి చూస్తే, చుట్టూ ఉన్న కండరం మామూలుగా ఉండగా సన్నటి నరాల పోగులు మాత్రం నీలంగా తేలాయి. నరాన్ని వెతుక్కుంటూ పోయే పదార్థం దొరికితే దాంతో నరాల జబ్బు ఎందుకు నయం చెయ్యకూడదని ఆయనకి తోచింది. 1890లో లెప్‌మన్ అనే డాక్టరుతో కలిసి దాన్ని నరాల నొప్పికి వాడి చూశారు. మరుసటి సంవత్సరం గుట్‌మన్‌తో కలిసి ఇద్దరు మలేరియా రోగులకిస్తే ఇద్దరూ తేరుకున్నారు. ఒంట్లో ఒక చోటే పనిచేసే మందు అనే ఆలోచన ఆయనకి బలపడింది ఇలాంటి రంగులతోనే. 1899లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి మారారు, 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఫ్రాంక్‌ఫర్ట్ అన్నాను కదా, మీలో చాలామంది మీ పిల్లల్ని యూనివర్సిటీ వెస్టెండ్ క్యాంపస్‌లో దింపి వస్తుంటారు. అక్కడ ఐ.జి. ఫార్బెన్ భవనం ఉంది. రంగుల కంపెనీలన్నీ ఒక్కటై కట్టుకున్న ఆఫీసు అది, 1930 ప్రాంతంలో పూర్తయింది. తర్వాత నాజీల కాలంలో ఆ సంస్థ చేసిన పాపాలు మీకు తెలిసినవే. ఆ భవనం లేవకముందు ఆ స్థలంలో ఒక పిచ్చాసుపత్రి ఉండేది. 1901 నవంబరులో ఆగుస్తె అనే యాభై ఒక్కేళ్ళ ఇల్లాల్ని ఆమె భర్త అక్కడే చేర్పించాడు. మధ్యాహ్నం పంది మాంసం, కాలీఫ్లవర్ తింటూ, ఏం తింటున్నారని డాక్టరు అడిగితే పాలకూర అన్నదట. పేరు వ్రాయమంటే సగంలో ఆగిపోయేది. నన్ను నేను పోగొట్టుకున్నానని అనేదట. ఆ డాక్టరు అలోయిస్ ఆల్జైమర్. ఆమె 1906లో పోయాక మెదడుని సూక్ష్మదర్శినిలో చూసి, నాడీకణాల లోపల చిక్కుపడ్డ దారాల్లాంటి ముళ్ళున్నాయని ఆ నవంబరులో ట్యూబింగెన్ సభలో చెబితే, వచ్చినవాళ్ళెవరూ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

ఆ ముళ్ళు 'టౌ' అనే ప్రోటీనువని తేలేసరికి ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ పనిలో పాలుపంచుకున్న క్లాడ్ విశ్చిక్ బృందం, మెథిలీన్ బ్లూ ఆ ముడి పడకుండా పరీక్షనాళికలో ఆపగలుగుతోందని 1996లో ప్రకటించింది. నరాన్ని వెతుక్కుంటూ పోయిన ఎర్లిఖ్ రంగు తిరిగి తిరిగి ఆల్జైమర్ చూసిన ముడి దగ్గరికే వచ్చింది! 2008లో చికాగో సభలో, 321 మంది రోగుల మీద చేసిన పరీక్షలో జబ్బు నెమ్మదించినట్టు కనిపించిందని చెప్పారు. ఎం.బి.బి.ఎస్. కొత్తగా ముగించిన నేను ఆ వార్త కత్తిరించి దాచుకున్నాను కూడా.

2016లో టొరంటోలో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. దాదాపు తొమ్మిది వందల మంది రోగులు, పదిహేను నెలలు, అదే మందుకి కాస్త మెరుగు చేసిన రూపం. ఇక్కడొక చిక్కుంది. ఈ మందు తింటే మూత్రం నీలంగానో పచ్చగానో వస్తుంది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన రోగికి సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అందుకని పోలిక కోసం పెట్టిన గుంపుకి కూడా రంగు రావడానికి చాలినంత, రోజుకి రెండుసార్లు 4 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఎక్కువ మోతాదు తిన్నవాళ్ళకి ఈ గుంపు కన్నా మేలేమీ కనబడలేదు. వేరే మతిమరుపు మందులు వాడని కొద్దిమందిలో గుణం కనిపించిందనీ, తర్వాత ఆ చిన్న మోతాదే పనిచేసి ఉండవచ్చనీ వాదించారు. 2022లో వెలువడిన మరో పరీక్షలోనూ రెండు గుంపులకీ స్పష్టమైన తేడా తేలలేదు. 2024లో బ్రిటన్‌లో అనుమతికి దరఖాస్తు పెట్టారు. నా మట్టుకు నాకు, పరీక్ష తప్పిన కుర్రాడు ప్రశ్నాపత్రాన్ని తప్పుపట్టినట్టే ఉంది. అయితే విశ్చిక్ గారు జీవితమంతా ధారపోసిన మనిషి, ఆయన్ని తేలిక చెయ్యడం నా ఉద్దేశం కాదు.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నగారు తెనాలిలో లెక్కల మాస్టారు. ఈ జబ్బు మొదలై ఆరేళ్ళయింది. పంతొమ్మిదో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతారు, మా వదిన పేరు మాత్రం రోజూ కొత్తగా అడుగుతారు. ఆయన్ని చూసుకునేది అన్నయ్యా వదినా. నేను నెలనెలా డబ్బు పంపుతాను, రెండేళ్ళకోసారి వెళ్ళి మూడు వారాలుండి, ఇంటిల్లిపాదికీ సలహాలు చెప్పి వస్తాను.

పోయిన పుష్యమాసంలో ఒక రాత్రి ఒకటిన్నరకి అన్నయ్య ఫోను చేశాడు. "నాన్నకి మూత్రం ఆకుపచ్చగా వస్తోందిరా, రాత్రంతా నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి." ఎవరో పంపిన వీడియో చూసి మెథిలీన్ బ్లూ సీసా తెప్పించి, అయిదు రోజులుగా నీళ్ళల్లో చుక్కలు కలిపి పడుతున్నాడట. నాకు చెబితే వద్దంటానని చెప్పలేదు.

నేను ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే డాక్టర్ని. ఆ సీసా నాకు కొత్తది కాదు. రక్తం ప్రాణవాయువుని మొయ్యలేని ఒక అరుదైన స్థితిలో అది నిజంగా ప్రాణం నిలబెడుతుంది. కానీ దిగులు తగ్గడానికిచ్చే మాత్రలు వాడుతున్నవాళ్ళకి అది పడితే సెరటోనిన్ మితిమీరి, వణుకు, జ్వరం, కలవరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్లలో ఈ రంగు ఎక్కించిన కొందరు రోగులకి ఇలా జరగడం చూశాకే డాక్టర్లకి ఈ సంగతి పట్టుబడింది. 2011లో అమెరికా మందుల శాఖ హెచ్చరిక కూడా జారీ చేసింది. ఒంట్లో ఒక ఎంజైము తక్కువగా ఉండి, ఈ రంగు తగిలితే ఎర్రకణాలు చిట్లిపోయేవాళ్ళూ ఉంటారు. మా నాన్నగారికి దిగులు మాత్రలు నడుస్తున్నాయి. ఆ మాట అన్నయ్యకి తెలీదు, నాకు తెలుసు.

సీసా పారేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళమని అరిచాను. రెండు రోజుల్లో నాన్న తేరుకున్నారు. మూడో రోజు అన్నయ్య అన్నాడు: "నువ్వు మందు చెప్పవు, మేము ఏదైనా చేస్తే చెయ్యనివ్వవు. రోజూ పొద్దున్నే ఆయన నన్ను 'ఎవరు నువ్వు' అని అడుగుతారు. ఆ మాట నువ్వెన్నిసార్లు విన్నావు?" నా దగ్గర జవాబు లేదు. నాన్న ఇప్పుడు వాడే మాత్రల్లో మెమాంటిన్ ఒకటి, దాన్ని మందుగా పైకి తెచ్చింది మన ఫ్రాంక్‌ఫర్ట్ కంపెనీయే. అదీ జబ్బుని తగ్గించదు, కొంతకాలం కొంచెం నిలబెడుతుందంతే. ఈ మాట చెబితే అన్నయ్య ఫోను పెట్టేశాడు.

కాబట్టి, ఆ రోజు నన్నడిగిన పెద్దమనిషికి నా జవాబు: దయచేసి పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే, అమ్మగారు వాడే మిగతా మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసుకుని ఈ రాత్రే నాకు ఫోను చెయ్యండి. ఈసారి తర్వాత మాట్లాడదామనను.

అన్నయ్యా నేనూ మళ్ళీ మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు ఆదివారం ఆదివారం గంటసేపు వీడియోలో నాన్న దగ్గర నేను కూర్చుంటాను, ఆ గంట వదిన గుడికో బజారుకో వెళ్ళొస్తుంది. పోయిన ఆదివారం నాన్న కట్టుకున్న తెల్ల పంచె అంచున ఆ సీసా మరక ఇంకా ఉంది, ఎన్ని ఉతుకులుతికినా పోవట్లేదట. "ఈ చాకలి నీలిమందు మరీ ఎక్కువ పెట్టాడు" అని విసుక్కున్నారు. తర్వాత నన్ను కాసేపు పరకాయించి చూసి, "డాక్టరు గారూ, మీది జర్మనీ అని మా పెద్దవాడు చెప్పాడు. మా చిన్నవాడు కూడా అక్కడే ఉన్నాడండీ. కనిపిస్తే ఒకసారి ఫోను చెయ్యమని చెప్పండి" అన్నారు.

అలాగే చెబుతానన్నాను.