కారులో గొంతు చెదరని అమరిక

కారులో పాట నాణ్యతను నిర్ణయించేవి మూడు పరికరాలు: విద్యుత్ సంకేతానికి బలమిచ్చే యాంప్లిఫయర్, దానిని స్వరస్థాయిల వారీగా విడదీసే క్రాసోవర్, చివరకు దానిని గాలి కదలికగా మార్చే స్పీకరు. అయస్కాంత క్షేత్రంలోని తీగచుట్ట విద్యుత్తుకు అనుగుణంగా కదులుతూ తనకు అతికిన కోనును కదిలించే నేటి స్పీకరుకు, 1925లో అమెరికా ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ప్రకటించిన నమూనాయే పునాది. 1930లో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చాక పాట ప్రయాణానికి తోడైంది.

ఇంజను నడుస్తున్నప్పుడు కారులో లభించేది సుమారు 14 వోల్టులే కనుక, 4 ఓముల స్పీకరుకు స్టీరియోలోని సాధారణ యాంప్లిఫయర్ శుద్ధంగా ఇవ్వగలిగేది 20 వాట్ల ప్రాంతంలోనే ఉంటుంది. డబ్బా మీది 50 వాట్ల అంకె వక్రీకరణను కూడా కలుపుకున్న గరిష్ఠం. అంతకు మించి కావాలంటే లోపలే వోల్టేజిని పెంచుకునే విడి యాంప్లిఫయర్ అవసరం. అయితే వాట్లను రెట్టింపు చేస్తే పెరిగే ధ్వని 3 డెసిబెల్లే, కాబట్టి 3 డెసిబెల్లు ఎక్కువ సున్నితత్వం గల స్పీకరును ఎంచుకోవడం యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసుకోవడంతో సమానం.

ఏ ఒక్క కోనూ అన్ని స్వరాలనూ సమర్థంగా పలికించలేదు. పెద్ద వూఫర్ మంద్రానికి, చిన్న ట్వీటర్ తారానికి తగినవి. కృష్ణా డెల్టాలో కాలువ నీటిని తూము ఏ చేనుకు ఎంత అవసరమో అంతే వదిలినట్లు, క్రాసోవర్ దేని వాటాను దానికి పంపుతుంది. గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వంటి గాయకుని గొంతులో నిండుదనం కింది స్థాయిల్లోనూ, అక్షరాల స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్యా ఎక్కువగా ఉంటాయి కనుక, ట్వీటర్‌కు వాటా మొదలయ్యే 3,000 హెర్ట్జ్ ప్రాంతాన్ని జాగ్రత్తగా కుదర్చాలి. 4 ఓముల ట్వీటర్‌కు వరుసగా కలిపిన 13 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఈ హద్దును ఏర్పరచి, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్లు తగ్గిస్తుంది. 1976లో లింక్‌విట్జ్ ప్రచురించిన, రైలీతో కలిపి పేరు పొందిన పద్ధతి 24 డెసిబెల్లు తగ్గిస్తూనే రెండు స్పీకర్ల ధ్వనిని హద్దు దగ్గర ఎగుడుదిగుడు లేకుండా కలుపుతుంది.

గెయిన్ మీటను శబ్దం పెంచే మీటగా భావించకూడదు. అది స్టీరియో సంకేతాన్ని యాంప్లిఫయర్ సామర్థ్యంతో సరితూచే సాధనం. హద్దు దాటించితే తరంగ శిఖరాలు తెగి ట్వీటర్ వేడెక్కి కాలిపోవచ్చు. ఒక తలుపు స్పీకరు తీగలు తారుమారైతే రెండు తలుపుల మంద్రం ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. తలుపు లోపలి రేకు రంధ్రాలను మూయకపోతే కోను వెనుక ధ్వని ముందు ధ్వనిని బలహీనపరుస్తుంది.

మచిలీపట్నం, దివిసీమల ఉప్పుగాలి, తేమ ఈ అమరికకు అదనపు పరీక్ష. వట్టి రాగి తీగ కంటే తగరం పూత పూసిన రాగి తీగ, కాగితపు కోను కంటే తేమ పీల్చని పాలీప్రొపిలీన్ కోను, రబ్బరు అంచు ఇక్కడ మేలు. వాన నీరు తలుపు లోపలికి దిగి అడుగు రంధ్రాల నుంచి పోవడం కారు నిర్మాణంలోనే ఉన్నందున ఆ రంధ్రాలను మూయరాదు. బ్యాటరీ నుంచి తీగ బయలుదేరే చోటే ఫ్యూజు ఉండాలి. తలుపు, స్పీకరు, క్రాసోవర్ సరిగా కుదిరిన తరువాతే వాట్ల కోసం ఖర్చు పెట్టాలన్న క్రమాన్ని పాటించిన కారులో, తక్కువ శక్తితోనే పాటలోని ప్రతి అక్షరం స్పష్టంగా చెవికి చేరుతుంది.