కాంతి కనుగొనే ఆకారాలు

‘ప’, ‘ష’ అక్షరాలను పక్కపక్కన వ్రాసి చూచినచో, వాటి మధ్య భేదం లోపలి చిన్న గీత మాత్రమేనని తెలుస్తుంది. చదువరికి ఆ గీత చాలు. యంత్రానికి మాత్రం ఆ గీతను పట్టుకోవడమే కష్టం.

కాంతి సాయంతో ఆకారాలను పోల్చే ఒక విధానాన్ని అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఆంథొనీ వాండర్ లుగ్ట్ 1964లో ప్రకటించాడు. చిత్రం గుండా లేజర్ కాంతిని ప్రసరింపజేసి కటకం మీదుగా పంపితే, కటకపు నాభీయ తలంలో ఆ చిత్రం పౌనఃపున్యాలుగా విడిపోతుంది. నెమ్మదిగా మారే వెలుగునీడలు తలం మధ్యకు, అంచులు, సన్నని గీతలు వెలుపలికి చేరుతాయి. దీనినే గణితజ్ఞులు ఫోరియర్ పరివర్తన అంటారు. కంప్యూటర్ లెక్కలేనన్ని గుణకారాలతో సాధించే దానిని గాజుముక్క కాంతి ప్రయాణించే కాలంలోనే సాధించడం నిజంగా అబ్బురమే! వెదకుతున్న ఆకారానికి సరిపోయే ఫిల్టరును హోలోగ్రామ్ రూపంలో ఆ తలంలో నిలిపి, కాంతిని రెండవ కటకం గుండా పంపితే, ఆకారమున్న చోట ప్రకాశవంతమైన చుక్క ఏర్పడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ‘ప’ కోసం చేసిన ఫిల్టరు ‘ష’ను చూచినా ఇంచుమించు అంతే వెలుగుతుంది. చిత్రంలోని శక్తిలో అధికభాగం నెమ్మదిగా మారే వెలుగునీడలలో ఉంటుంది. తేడాను తెలిపే అంచుల వంతు స్వల్పం.

ఈ లోపాన్ని సవరించడానికి వేవ్‌లెట్ ఉపకరించింది. మామూలు తరంగానికి అంతం లేదు. వేవ్‌లెట్ కొద్ది మేర ఎగసి అణగిపోయే చిరుతరంగం. 1980ల ఆరంభంలో ఫ్రాన్సులో చమురు అన్వేషణకై భూకంపన సంకేతాలను పరిశీలిస్తూ జాన్ మోర్లే దీనికి రూపమిచ్చాడు. మధ్యలో ఎత్తుగా లేచి, చుట్టూ పల్లమై ముగిసే వేవ్‌లెట్‌ను ‘మెక్సికన్ టోపీ’ అంటారు. పౌనఃపున్య తలంలో అది ఉంగరంలా కనిపిస్తుంది. ఆ ఉంగరం మధ్యలోని మందకొడి వెలుగును ఆపివేస్తుంది, అంచులను సాగనిస్తుంది, వెలుపలి దుమ్ము, మరకల వంటి అలజడిని అడ్డుకుంటుంది. వేవ్‌లెట్ చిన్నదయ్యేకొద్దీ ఉంగరం పెద్దదవుతుంది. ఈ ఉంగరాన్ని పాత ఫిల్టరుతో జోడిస్తే చుక్క సన్నబడి పదునెక్కుతుంది. ‘ష’ వద్ద మసకబారుతుంది.

అయితే ఉంగరం ఎంత పెద్దదిగా ఉండాలనేది తేలికగా తేలే విషయం కాదు. వేలిముద్రలను పోల్చేటప్పుడు అది మరీ చిన్నదైతే ఒకరి ముద్ర మరొకరిదిగా చెల్లుబాటై, నిరపరాధి చిక్కుల్లో పడవచ్చు. మరీ పెద్దదైతే, వేలు కొంచెం పక్కకు తిరిగినంత మాత్రాన సొంత ముద్రనే యంత్రం తిరస్కరిస్తుంది.