పెరటి టమాటా పగుళ్ళు – కారణాలు, నివారణ

“ఎంతో శ్రద్ధగా పెంచిన పెరటి టమాటా తీరా పండే వేళకు పగిలిపోతున్నది. ఇది ఏమైనా తెగులా? ఆ పండు తినవచ్చునా?” అని నా వద్దకు వైద్యానికి వచ్చే గృహిణులు తరచుగా అడుగుతుంటారు. ఇది తెగులు కాదు, పురుగు వలన కలిగినదీ కాదు. ముఖ్యంగా నీటి క్రమం తప్పినందువలన పండుకు కలిగే వికారం. అయితే పగిలిన పండును ఉపేక్షించినచో అది మన కడుపుకు చేటు తేగలదు.

టమాటా మన ప్రాచీన వైద్యగ్రంథాలలో కానరాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, పాశ్చాత్యుల ద్వారా మన దేశానికి వచ్చిన మొక్క ఇది. రామములగ అన్నది దీనికి మన వాడుకలోని పాత పేరు. అయినప్పటికీ గురుకులంలో మేము చదువుకొన్న సుశ్రుత సంహితలోని ఒక సూత్రం దీనికి చక్కగా వర్తిస్తుంది. ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం – ఈ నాలుగూ కూడినప్పుడు మొలక పుట్టినట్లే గర్భం కలుగుతుందని శారీరస్థానం చెప్పినది. టమాటా పగులును కూడ ఈ నాలుగింటి ద్వారానే గ్రహించవచ్చును.

పగులు ఎందుకు వచ్చును?

అంబువు: కొన్ని దినాలు ఎండిన మొక్కకు ఒక్కసారిగా నీరు అందినచో వేర్లు ఆత్రంగా పీల్చుకొంటాయి. లోపలి గుజ్జు త్వరగా ఉబ్బుతుంది. రంగు తిరిగిన పండు తోలుకు సాగే గుణం తగ్గి ఉంటుంది కనుక అది చిట్లుతుంది. పండు మీద నిలిచిన వాననీరు తొడిమ వద్ద నుండి నేరుగా లోపలికి ఇంకడం కూడ ఒక కారణమే. కొన్ని పండ్లు తొడిమ నుండి నిలువుగా చీలుతాయి. కొన్నింటికి తొడిమ చుట్టూ వలయాలుగా పగుళ్ళు వస్తాయి.

క్షేత్రం: మా పెద్దముడియం, జమ్మలమడుగు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు ఎక్కువ. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే నెర్రెలు విచ్చుతాయి. నేల నెర్రె విచ్చేదాకా ఎండనిచ్చి, కుళాయి వచ్చిన దినాన బిందెలకొద్దీ పోసినచో పండు కూడ విచ్చుతుంది.

ఋతువు: ఆశ్వయుజ, కార్తీక మాసాలలో బంగాళాఖాతపు వాయుగుండాలు మన జిల్లాకు హఠాత్తుగా వానలు తెస్తాయి. 2021 నవంబరులో కురిసిన వానలు మనకు తెలిసినవే. అట్టి వేళ పండుబారిన కాయ చెట్టుకు నిలవడం కష్టం.

బీజం: పలుచని తోలు గల పుల్లని నాటు రకాలు త్వరగా పగులుతాయి. మందపు తోలు గల గట్టి రకాలు కొంత తట్టుకొంటాయి.

నివారణోపాయాలు

1. వేలిని రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి చూడవలెను. తడి తగ్గినదని తోచినప్పుడే ఉదయం వేళ మితంగా నీరు పోయవలెను. కుండీలు త్వరగా ఎండుతాయి కనుక వేసవిలో ప్రతిదినమూ చూడవలెను.

2. మొదలు చుట్టూ వరిగడ్డిగాని, వేరుశనగ పొట్టుగాని రెండు మూడు అంగుళాల మందాన పరచవలెను. తేమ నిలకడగా ఉంటుంది. కాండానికి మాత్రం తగలనీయరాదు.

3. రేగడిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, మొక్కను ఎత్తైన బోదె మీద నాటవలెను. యూరియా మితిమీరరాదు.

4. కాయల మీది ఆకులను విపరీతంగా తుంచరాదు. ఎండ వేడికి తోలు మరింత పెళుసెక్కుతుంది.

5. వాన సూచన ఉన్నచో రంగు తిరిగిన కాయలను దోరగానే కోసి, నీడలో బుట్టలో పరచవలెను. అవి ఇంటిలోనే చక్కగా పండుతాయి. పండేవరకు ఫ్రిజ్‌లో పెట్టరాదు.

కొందరు పగుళ్ళకు మందుగా సున్నపు నీళ్ళు, బూడిద పోస్తుంటారు. మా రేగడిలో క్షారం, సున్నం సహజంగానే ఎక్కువ. ఇంకా చేర్చినచో నేల చెడుతుంది. కాయ అడుగున నల్లగా కుళ్ళడం వేరొక వికారం. దానికి సున్నపు ధాతువు కాయకు అందకపోవడం కారణమైనా, అది అందాలంటే నీటి క్రమమే ముఖ్యం.

పగిలిన పండు తినవచ్చునా?

పగులు ఆరి, గోధుమరంగు పొర కట్టినచో దోషం లేదు. ఆ మేర కోసి వాడుకొనవచ్చును. ఆనాడే చిట్లిన పండును కడిగి, ఆనాడే పప్పులోనో చారులోనో ఉడికించవలెను. రసం కారుతూ పులిసిన వాసన వచ్చినా, తెల్లని లేక నల్లని బూజు కనబడినా పండు మొత్తం పారవేయవలెను. మెత్తని పండులో బూజు కంటికి కనబడని లోపలి వరకు పాకుతుంది. పైపైన కోసివేస్తే చాలదు.

పగిలిన పండ్లను నిలవపచ్చడికి, ఒరుగులకు ఎన్నడూ వాడరాదు. అట్టి పచ్చడి తిని వాంతులు, విరేచనాలతో వచ్చిన కుటుంబాలకు నేను చికిత్స చేసినాను. ఆ ఇండ్లలో ముందుగా నీరసించినది పసిపిల్లలే. నాలుగు పండ్లు పోయినవని చింతించి సీసా నిండా చేటును నిలువ చేసుకోవడం వివేకం కాదు.

ఆమ్లపిత్తం గలవారు మంచి టమాటానైనా మితంగానే సేవించవలెను. దేహానికి ఆహారం ఎట్లో మొక్కకు నీరు అట్లే. వేళకు, మితంగా అందినప్పుడే రెండింటికీ ఆరోగ్యం.